పదీపదకొండు ఇవ్వరా!

విజయవాడ ఆటోనగర్‌లో ఏ షెడ్డు ముందు కాసేపు నిలబడినా అంకెలే వినిపిస్తాయి. "పదీపదకొండు ఇవ్వరా." "పన్నెండూపదమూడు ఎక్కడ పడేశావు?" "అది కాదురా, పద్నాలుగు రింగు." పానా అన్న మాట ఎవరి నోటా రాదు. నంబరు చెబితే చాలు, అందించే కుర్రాడి చెయ్యి సరైన పానా మీదే పడుతుంది. ఇక బయటివాళ్ల సంగతి వేరు. స్కూటర్ బ్యాటరీ వైరు ఊడితే పక్కింటాయన వచ్చి, "పానా ఉంటే ఒకసారి ఇస్తారా మాస్టారూ?" అంటాడు. "ఎంత పానా అండీ?" అని అడిగితే తెల్లమొహం వేస్తాడు. "ఏదో ఒకటి లెండి, మామూలుది" అంటాడు.

మామూలు పానా అనేది ఎక్కడా దొరకదు. చాలా ఏళ్లు ఐటీఐలో మోటారు మెకానిక్ ట్రేడు చెప్పి రిటైరైనవాణ్ణి. కొత్తగా చేరిన పిల్లల్లో కండ ఉన్నవాడే మంచి మెకానిక్ అవుతాడని నమ్మేవాళ్లే ఎక్కువ. నేను చూసినంతలో బోల్టులు విరగ్గొట్టేదీ వాళ్లే. పానాకి రెండు కొలతలుంటాయి. నోరు ఎంత తెరుచుకుంది అన్నది ఒకటి, కాడ ఎంత పొడవుంది అన్నది రెండోది. మొదటిది అందరూ చూస్తారు. రెండోదాన్ని ఎవరూ పట్టించుకోరు. నష్టమంతా అక్కడే జరుగుతుంది.

ఆ నంబరు దేనిది?

పానా మీద 10 అని ఉంటే దాని నోరు 10 మిల్లీమీటర్ల నట్టుకి సరిపోతుందని అర్థం. అంటే నట్టుకున్న ఆరు పలకల్లో ఒక పలక నుంచి ఎదురు పలక దాకా 10 మిల్లీమీటర్లు. బోల్టు కాడ మందం అంతకన్నా తక్కువ ఉంటుంది. 10 పానా పట్టే బోల్టు కాడ సాధారణంగా 6 మిల్లీమీటర్లే. 13 పానా బోల్టు కాడ 8, 19 పానా బోల్టు కాడ 12. అందుకే ఇనుప సామాన్ల షాపుకి వెళ్లి "పదమూడు బోల్టు ఇవ్వండి" అంటే షాపతను అయోమయంలో పడతాడు. అతను బోల్టుల్ని కాడ మందంతో, పొడవుతో లెక్కపెడతాడు. మీరు పానాతో లెక్కపెడుతున్నారు. పాత బోల్టు జేబులో వేసుకుని వెళ్లడం అన్నిటికన్నా సులువు.

మామూలు సెట్టులో ఎనిమిది పానాలు వస్తాయి. 6-7, 8-9, 10-11, 12-13, 14-15, 16-17, 18-19, 20-22. ఒక్కో పానాకి రెండు నోళ్లు కాబట్టి పదహారు సైజులు. ఏ షెడ్డులోనైనా పానాల డబ్బా తీసి చూడండి. 10, 12, 14, 17 నోళ్లు అరిగి నిగనిగలాడుతుంటాయి. 11, 15 మాత్రం కొన్నప్పుడు ఎలా ఉన్నాయో అలాగే ఉంటాయి.

దీని వెనక మన రోడ్ల చరిత్ర ఉంది. 8 మిల్లీమీటర్ల కాడ ఉన్న బోల్టుకి యూరప్‌వాళ్లు 13 తల పెట్టారు. జపాన్‌వాళ్లు తమ వాహనాల్లో చాలాచోట్ల తల కాస్త చిన్నది చేసి 12 పెట్టారు. 10 మిల్లీమీటర్ల బోల్టుకి యూరప్ పాత పద్ధతిలో 17, జపాన్ పద్ధతిలో 14. మనకి 1983లో సుజుకీతో కలిసి మారుతి కారు వచ్చింది. 1985లో హీరో హోండా సీడీ 100 వచ్చింది. వాటితోపాటే 12, 14 నంబర్లు మన షెడ్లలో స్థిరపడిపోయాయి. తర్వాత అంతర్జాతీయ ప్రమాణాలు మారి 10 మిల్లీమీటర్ల బోల్టుకి 16, 12 మిల్లీమీటర్ల బోల్టుకి 18 తలలు వచ్చాయి. ఒకప్పుడు సెట్టులో దండగ అనుకున్న 16, 18 పానాలు అలా పనిలోకి వచ్చాయి.

ఈ 12, 13ల దగ్గరే కొత్తవాళ్లు బోల్తా పడతారు. 12 నట్టు మీద 13 పానా చక్కగా కూర్చున్నట్టే ఉంటుంది. అటూ ఇటూ కదిపితే కొంచెం టకటకమంటుంది, అంతే. గట్టిగా లాగితే నట్టు పలకల మీద ఆనాల్సిన పానా మూలల మీద మాత్రమే ఆనుతుంది. మొదటి లాగుడుకి మూల మీద సన్నని మెరుపు గీత పడుతుంది. రెండోసారి ఆ గీత దగ్గర ఇనుము కొద్దిగా లేచి గోటికి గరగరా తగులుతుంది. మూడోసారి పానా జారుతుంది, వేళ్ల కణుపులు ఇంజను రెక్కలకి కొట్టుకుంటాయి. ఆపైన ఆ నట్టు గుండ్రం అయిపోయినట్టే. సరైన పానా వెతికి తెచ్చినా ఇక పట్టదు. పానా పెట్టగానే ముందు ఖాళీగా అటూ ఇటూ ఆడించి చూడండి. ఆడిందంటే అది ఆ నట్టు పానా కాదు.

అంగుళాల కాలం

నాకన్నా ముందుతరం మేస్త్రీలకు ఈ గొడవ ఇంకా ఎక్కువ. ఒకప్పుడు ఇంగ్లండులో ఏ కార్ఖానా మర ఆ కార్ఖానాదే. ఒకచోట చేసిన నట్టు ఇంకోచోట చేసిన బోల్టుకి ఎక్కేది కాదు. జోసెఫ్ విట్‌వర్త్ అనే ఇంజనీరు 1841లో అందరికీ ఒకే మర ఉండాలని లెక్కలు కట్టి ప్రతిపాదించాడు. మర పళ్ల మధ్య కోణం 55 డిగ్రీలు అన్నాడు. ఫలానా మందం బోల్టుకి అంగుళానికి ఇన్ని చుట్లు అని పట్టిక ఇచ్చాడు. రైల్వేలు, మిల్లులు దాన్ని అందుకున్నాయి. బ్రిటిష్ యంత్రాలతో పాటు ఆ మర మన దేశానికీ వచ్చింది.

ఈ విట్‌వర్త్ పానాల మీద వేసే అంకె బోల్టు కాడ మందం. అమెరికా పద్ధతిలో వేసే అంకె నోటి కొలత. దాంతో రెండిటి మీదా అర అంగుళం అనే ఉంటుంది, పక్కపక్కన పెడితే విట్‌వర్త్ పానా నోరు చాలా పెద్దది. ఒకదాని మీద డబ్ల్యూ అనీ, ఇంకోదాని మీద ఏఎఫ్ అనీ ఉండే చిన్న అక్షరాలే ఆనవాలు. పాత బుల్లెట్ బండ్లలో ఇంగ్లండు మరలు ఉండేవి. వాటిని చూసే మేస్త్రీ దగ్గర ఆ సెట్టు విడిగా గుడ్డలో చుట్టి ఉండేది. మన దేశం 1956లో మెట్రిక్ కొలతల చట్టం చేసింది. బోల్టులు మాత్రం మెల్లగా, యంత్రం వెంట యంత్రంగా మారుతూ వచ్చాయి. ఇప్పటికీ కొళాయి పైపు అర అంగుళమే, ముప్పావు అంగుళమే. పాతకాలం మేస్త్రీలు ఊచ మందం నూళ్లలో చెబుతారు. నూలు అంటే అంగుళంలో ఎనిమిదో వంతు.

నోరు ఎందుకు పక్కకి తిరిగి ఉంటుంది?

రెండు పక్కలా నోరు తెరిచి ఉన్న పానాను మా పిల్లలు డీ పానా అంటారు, కొందరు ఫిక్స్ పానా అంటారు. దాన్ని టేబుల్ మీద పెట్టి పైనుంచి చూడండి. నోరు కాడకి తిన్నగా ఉండదు. కొద్దిగా, 15 డిగ్రీలు పక్కకి వాలి ఉంటుంది. తయారీలో లోపమేమో అని అడిగిన పిల్లలున్నారు.

నట్టుకి ఆరు పలకలు. ఒక పట్టు నుంచి ఇంకో పట్టుకి మారాలంటే పానా 60 డిగ్రీలు తిరగాలి. ఇంజను సందుల్లో అంత చోటు ఎక్కడుంటుంది? నోరు 15 డిగ్రీలు వాల్చడంతో ఒక సౌకర్యం వచ్చింది. 30 డిగ్రీలు తిప్పాక పానా తీసి, బోర్లా తిప్పి మళ్లీ పెడితే నట్టు పలకలు సరిగ్గా నోట్లోకి వస్తాయి. మళ్లీ 30 డిగ్రీలు. మళ్లీ బోర్లా. అనుభవం ఉన్న మేస్త్రీ సందులో చెయ్యి పెట్టి పానాని ప్రతిసారీ తిరగేస్తూ విప్పుతుంటే చూడ్డానికి అలవాటు చొప్పున చేస్తున్నట్టు ఉంటుంది. దాని వెనక ఈ లెక్క ఉంది.

రింగు పానా నట్టుని చుట్టూ పట్టుకుంటుంది. లోపల పన్నెండు మూలలు ఉంటాయి కాబట్టి దానికీ 30 డిగ్రీల చోటు చాలు. బిగుసుకుపోయిన నట్టుని కదిలించడానికి రింగు, కదిలాక చకచకా విప్పడానికి డీ పానా. ఈ రెండూ ఒకే కాడకి చెరో పక్క పెడితే కాంబినేషన్ పానా. నట్టు గోతిలో ఉంటే బాక్స్ పానా, స్పార్క్ ప్లగ్గుకి ప్లగ్ పానా, చక్రానికి వీల్ పానా. సైకిల్ షాపులో రెండు గుండ్రటి తలకాయలకి ఐదేసి బొక్కలున్న పొట్టి పానా ఒకటి వేలాడుతూ ఉంటుంది. పది సైజులు ఒక్కదాంట్లోనే. బ్రిటిష్‌వాళ్లు స్పానర్ అన్నదాన్నే అమెరికావాళ్లు రెంచి అన్నారు. మనం రెండూ తీసుకుని పంచుకున్నాం. నట్లు తిప్పేది పానా, పైపులు తిప్పేది రెంచి.

వీటన్నిటికీ బదులు ఒక్కటి చాలని చాలామంది కొనేది స్క్రూ పానా. పురి తిప్పితే నోరు చిన్నదీ పెద్దదీ అవుతుంది. స్వీడన్‌కి చెందిన యోహాన్ పీటర్ యోహాన్సన్ 1890ల మొదట్లో పేటెంటు తీసుకున్న రూపమే ఇప్పటికీ దాదాపు అలాగే నడుస్తోంది. దీనికి ఒక పద్ధతి ఉంది. రెండు దవడల్లో ఒకటి కాడతో కలిసి ఉంటుంది, ఇంకోటి కదులుతుంది. లాగుడు బరువు కదలని దవడ మీద పడాలి. అంటే మీరు ఎటు లాగుతున్నారో కదిలే దవడ ఆ వైపు ఉండాలి. తిరగేసి పట్టుకుంటే బరువంతా పురి మీద పడి కొన్నాళ్లకి దవడ వదులవుతుంది. వదులైన స్క్రూ పానా నట్టు మూలల్ని నున్నగా చేసేస్తుంది.

కాడ పొడవు

సెట్టులో పానాలన్నీ వరసగా పేర్చండి. నంబరు పెరిగేకొద్దీ కాడ పొడవు పెరుగుతుంది. 10-11 పానా జానెడు కూడా ఉండదు. 18-19 దానికన్నా బాగా పొడుగు. చిన్న పానా పొట్టిగా చేసింది ఇనుము మిగుల్చుకోవడానికని అనుకుంటారు. అసలు కారణం వేరే.

క్లాసులో దీన్ని చెప్పి చూపించడం కన్నా చేసి చూపించడం మేలు. వైసులో ఒక ఇనుప ముక్క బిగించి, అందులో 6 మిల్లీమీటర్ల బోల్టు ఎక్కించేవాణ్ణి. సన్నగా ఉన్న కుర్రాణ్ణి పిలిచి 10 పానా ఇచ్చి "బిగించు నాన్నా" అనేవాణ్ణి. వాడు బిగించేవాడు. ఇక తిరగదనిపించిన చోట ఆగిపోయేవాడు. ఆ బోల్టుకి సరిపడే బిగువు సుమారు 10 న్యూటన్ మీటర్లు. ఆ పొట్టి పానాతో ఏడెనిమిది కిలోల లాగుడుకే అది వచ్చేస్తుంది. ఆపైన తిప్పడానికి చేతికి ఇబ్బందిగా ఉంటుంది, ఉండాలనే అంత పొట్టిగా చేశారు. తర్వాత అదే పానా కాడకి అడుగు పొడవు గొట్టం తొడిగి అదే కుర్రాడి చేతికిచ్చేవాణ్ణి. ఈసారి కష్టమే తెలియదు. మెత్తగా, వెన్నలా తిరుగుతుంది. ఆ మెత్తదనం రాగానే క్లాసంతా నిశ్శబ్దంగా చూసేది. ఠప్ మని బోల్టు తల పానా నోట్లో మిగిలేది, కాడ ఇనుప ముక్కలో ఉండిపోయేది. "ఇప్పుడు దాన్ని బయటికి తియ్యి" అంటే ఎవరూ ముందుకొచ్చేవారు కాదు.

బిగించినప్పుడు బోల్టు కంటికి కనిపించనంత సాగుతుంది. సాగిన బోల్టు మళ్లీ పొట్టి కావాలని చూస్తూ రెండు భాగాల్నీ దగ్గరికి లాగి పట్టుకుంటుంది. ఆ పట్టు కోసమే బిగించడం. హద్దు దాటి సాగితే మళ్లీ వెనక్కి రాదు. మీకు బిగిసినట్టే ఉంటుంది, లోపల పట్టు పోయి ఉంటుంది. ఇంకో సంగతి. మనం పెట్టే శక్తిలో దాదాపు తొంభై శాతం తల కిందా, మర పళ్ల మధ్యా రాపిడికే ఖర్చవుతుంది. సుమారు పది శాతమే బోల్టుని సాగదీస్తుంది. అందుకే మరకి నూనె పూసి, ఎప్పటంత బలంతోనే బిగిస్తే బోల్టు మీద లాగుడు బాగా పెరిగిపోతుంది. పొడి మరకి కంపెనీ చెప్పిన లెక్క నూనె మరకి పనికిరాదు.

కారు చక్రాల నట్ల దగ్గర ఇది ప్రాణాల మీది వ్యవహారం. మామూలు కార్లకి ఒక్కో నట్టుకి సుమారు 100 న్యూటన్ మీటర్ల బిగువు కావాలి. అంటే అర మీటరు కాడ చివర ఇరవై కిలోల లాగుడు. ఆడవాళ్లకైనా, పెద్దవాళ్లకైనా సాధ్యమయ్యేదే. మా అల్లుడి కారు హైవే మీద పంక్చరైతే నట్టు కదల్లేదు. కొన్నాళ్ల కింద ఒక టైర్ల షాపులో గాలి గన్నుతో ఎంత వస్తే అంత బిగించేశారు. కారులో ఇచ్చిన పొట్టి వీల్ పానా దానికి ఏం సరిపోతుంది? లారీ డ్రైవరెవరో ఆగి పెద్ద పానా పెడితే ఊడింది. ఇప్పుడు ఎక్కడ టైరు మార్పించినా, చివరి బిగింపు టార్క్ పానాతో చెయ్యమని అడుగుతాను. సరిపడా బిగువు రాగానే టక్ మని చెప్పే పానా అది. మొహం చిట్లించినా చేస్తారు.

రోడ్డు మీద చక్రం విప్పాల్సి వస్తే జాకీ ఎత్తకముందే నట్లన్నీ కొంచెం వదులు చెయ్యాలి. విప్పడానికి అవసరమైతే పానా మీద కాలు పెట్టి తొక్కండి. బిగించడానికి మాత్రం కాలు వాడొద్దు. నట్లు వరసగా చుట్టూ బిగించకుండా ఒకటి బిగించాక దాని ఎదురుది బిగించాలి. అప్పుడే చక్రం సమంగా ఆనుతుంది.

మొండికేసిన నట్టు, ఎడమ మర

తుప్పు పట్టిన నట్టు దగ్గర తొందరపడితే దానిదే గెలుపు. ముందు ఇనుప బ్రష్షుతో మర మీది మట్టి దులపాలి. కిరసనాయిలో, తుప్పు వదిలించే స్ప్రేనో కొట్టి, టీ తాగి రావాలి. వచ్చాక బోల్టు తల మీద సుత్తితో రెండు మూడు దెబ్బలు, గట్టిగా కాదు, తుప్పు పొర చిట్లేంత. రింగు పానా పెట్టి ముందు కొంచెం బిగించే వైపు తిప్పి చూడండి. వెంట్రుకవాసి కదిలినా చాలు, తుప్పు పగిలినట్టే. అప్పుడు విప్పే వైపు లాగండి. పానాని ఎప్పుడూ మీ వైపు లాగాలి. అవతలికి తోస్తే, అది జారిన క్షణంలో చెయ్యి ఎక్కడికి పోతుందో మన చేతిలో ఉండదు. తోయక తప్పకపోతే పిడికిలి పట్టకుండా అరిచేతితో తొయ్యండి.

ఎంత చేసినా కదలకపోతే ఆగి ఆలోచించండి, అది ఎడమ మర కావచ్చు. మామూలు నట్టు గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితే బిగుస్తుంది. కొన్నిటిని కావాలనే తిరగేసి చేస్తారు. సైకిల్ ఎడమ పెడలు, టేబుల్ ఫ్యాను రెక్కల ముందుండే టోపీ, సానపట్టే మోటారుకి ఎడమ పక్క రాయి నట్టు ఇలాంటివే. తిరిగే వేగానికి వాటంతట అవి ఊడిపోకుండా ఈ ఏర్పాటు. గ్యాస్ వెల్డింగులో ఎసిటిలీన్ గొట్టం నట్టు కూడా ఎడమ మరే. ఇక్కడ కారణం వేరు, పొరపాటున ఆక్సిజన్ గొట్టంతో తారుమారు కాకూడదని. ఆ నట్టు మూలల మీద చుట్టూ చిన్న గాడి కోసి ఉంటుంది. చీకట్లో వేలితో తడిమినా తెలిసిపోతుంది. వెల్డింగు షాపు ముందు నుంచి వెళ్తే ఈసారి గమనించండి.

ఇంటికి ఏవి కొనాలి?

మన దేశంలో చేతి పనిముట్లకి పంజాబ్‌లోని జలంధర్ పెద్ద కేంద్రం. మహారాష్ట్రలో నాసిక్ ఇంకొకటి. 1969లో టపారియా కంపెనీ స్వీడన్ సాంకేతిక సహకారంతో పనిముట్ల తయారీ మొదలుపెట్టింది. ఏ కంపెనీదైనా క్రోమ్ వనేడియం ఉక్కు అని పానా మీద అచ్చువేసి ఉందో లేదో చూడండి. నోటి లోపలి రెండు గోడలూ నున్నగా, సమంగా ఉండాలి. పెయింటు తళతళలు చూసి మోసపోవద్దు. మెత్తటి ఇనుము పానా అయితే నాలుగైదు లాగుళ్లకే నోరు విచ్చుకుంటుంది. ఆ తర్వాత అది ఎక్కిన ప్రతి నట్టునీ తినేస్తుంది.

ఎనిమిది పానాల సెట్టు మొత్తం అక్కర్లేదు. స్కూటరో, మోటారు సైకిలో ఉన్న ఇంటికి 8, 10, 12, 13, 14, 17, 19 కాంబినేషన్ పానాలు చాలు. బ్యాటరీ వైరుకి 10, అద్దాల కింద నట్టుకి 14, చాలా బండ్లలో ఇంజను ఆయిలు వదిలే బోల్టుకి 17. పైపు పనులకి ఎనిమిది అంగుళాల స్క్రూ పానా ఒకటి. కారు ఉంటే అడుగున్నర కాడ ఉన్న వీల్ పానా కొని డిక్కీలో పడెయ్యండి. వాడాక నోట్లో మట్టి తుడిచి, రెండు చుక్కల నూనె రాసి పెడితే మీ పిల్లలు కూడా వాటినే వాడతారు. ఇక గొట్టం మాత్రం పానాల డబ్బాలో పెట్టకండి. దగ్గరుంటే తొడగాలనిపిస్తుంది.